తిరగబెట్టే జ్వరం

(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, బిలాస్‌పూర్. ముద్రణ కోసం కొద్దిగా సవరించిన పాఠం.)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే చాలామంది ఫోలిక్ యాసిడ్ దగ్గరో, మెథోట్రెక్సేట్ దగ్గరో మొదలుపెడతారు. మన శ్రీకాకుళం, విజయనగరం మూలాలున్న ఇళ్ళలోనైతే బోదకాలు మాత్ర హెట్రజాన్ ముందు గుర్తొస్తుంది. నేను ఆయన చివరి మందు దగ్గర మొదలుపెడతాను. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, 1940 నుంచి న్యూయార్క్ దగ్గరి లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపించారు. అక్కడ ఆయన విభాగంలోనే, రిటైరై వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందు తీశాడు. దాని పేరు ఆరియోమైసిన్. 1948 జూలైలో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆయనకి అప్పటికి యాభై మూడేళ్ళు. నేటి టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ మందుల కుటుంబానికి పెద్దదిక్కు ఆ ఆరియోమైసినే.

అంత గొప్ప మందు కుటుంబం ఒక జబ్బు దగ్గర మాత్రం తడబడింది. మందు వాడినన్నాళ్ళూ జ్వరం తగ్గి ఉంటుంది, ఆపగానే తిరగబెడుతుంది. గుండె వాల్వుకి పట్టే ఇన్‌ఫెక్షన్, ఎండోకార్డైటిస్, ఆ జబ్బు. ఇవాళ నా మాటంతా దాని గురించే, అందులోనూ అది మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుందనే దాని గురించి. వాల్వు మార్పించుకున్న మనిషి భవిష్యత్తు ఆపరేషన్ థియేటర్లో తేలిపోతుందని మనం అనుకుంటాం. చాలావరకు అది తేలేది ఆ మనిషి నోట్లో. మిగతాది, జ్వరం వచ్చిన మొదటి రోజున మందు ముందు వేశారా, రక్తం ముందు తీశారా అన్న దాంట్లో.

ముందు ఆ జబ్బు స్వభావం చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న వాల్వు నున్నగా ఉంటుంది, క్రిములు సాధారణంగా దాని మీద నిలవలేవు. చిన్నప్పుడు కీళ్ళు వాచి రుమాటిక్ జ్వరం వచ్చిన వాళ్ళకో, పుట్టుకతో లోపం ఉన్న వాళ్ళకో, కృత్రిమ వాల్వు వేయించుకున్న వాళ్ళకో ఆ చోట రక్తం సుడి తిరుగుతుంది, పైపొర గీరుకుపోతుంది. గీరుకున్న చోట ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ చేరి చిన్న ముద్ద కడతాయి. రక్తంలో దారిన పోయే బ్యాక్టీరియా ఆ ముద్దలో దూరి స్థిరపడుతుంది. దాని మీద మరో పొర ఫైబ్రిన్ కప్పుతుంది. ఒక్క గ్రాము ముద్దలో వంద కోట్ల నుంచి వెయ్యి కోట్ల దాకా క్రిములుండొచ్చు. ఆ ముద్దకి రక్తనాళాలుండవు, తెల్ల రక్తకణాలు లోపలికి పోలేవు. లోపలి క్రిములు సగం నిద్రలో ఉన్నట్టు మెల్లగా పెరుగుతుంటాయి. మన మందుల్లో చాలావాటికి పెరుగుతున్న క్రిమి మీదే బలం. నిద్రపోతున్న దాన్ని అవి అంత తేలిగ్గా చంపలేవు.

ఆరియోమైసిన్ కుటుంబం ఇక్కడ ఎందుకు చాలదో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ మందులు క్రిమి పెరుగుదలని నిలిపేస్తాయి, చంపే పని శరీరపు తెల్ల కణాలకి వదిలేస్తాయి. ఊపిరితిత్తుల్లో ఆ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. తెల్ల కణాలే చేరలేని వాల్వు ముద్దలో పనిచేయదు. కాబట్టి ఇక్కడ చంపే మందు కావాలి, అదీ రక్తనాళం ద్వారా, పెద్ద మోతాదులో, నాలుగు నుంచి ఆరు వారాలు.

ఈ సంగతి డాక్టర్లకి కూడా ఒక్కసారిగా తెలిసిరాలేదు. పెన్సిలిన్ రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళు దాదాపు అందరూ చనిపోయేవారు. సంగీత ప్రపంచంలో పెద్దపేరున్న గుస్తావ్ మాలర్ 1911లో దీనితోనే పోయాడు. న్యూయార్క్‌లో ఆయన రక్తాన్ని కల్చర్ చేసి స్ట్రెప్టోకాకస్‌ని కళ్ళారా చూశారు, కానీ చేయడానికి ఏమీ లేకపోయింది. యుద్ధకాలంలో పెన్సిలిన్ వచ్చాక కూడా మొదటి ప్రయత్నాలు విఫలమయ్యాయి. ఉన్న కాస్త మందూ సైన్యానికే చాలడం లేదు, ఈ జబ్బుకి ఇవ్వడం వృథా అని అమెరికాలో పంపిణీ చూసే కమిటీ పక్కన పెట్టింది. బ్రూక్లిన్‌లో లియో లోవే అనే డాక్టరు ఊరుకోలేదు. ఆ ఊళ్ళోనే ఉన్న ఫైజర్ కంపెనీ పెద్ద జాన్ స్మిత్‌ని ఒప్పించి మందు సంపాదించాడు. మోతాదు పెంచాడు, రోజులు పెంచాడు. 1944లో వరుసగా ఏడుగురు రోగులు కోలుకున్నట్టు ప్రచురించాడు. మందు పాతదే, మోతాదూ గడువూ మారాయి. అంతకుముందు చనిపోయిన వాళ్ళలో కొందరిని చంపింది మన పొదుపే అనిపిస్తుంది నాకు. యుద్ధకాలం కనక వాళ్ళని తప్పుపట్టలేం. మనకి ఇవాళ ఆ సాకు లేదు.

ఇక మన ఊరికి వద్దాం.

1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడి, ఈ అడవుల మధ్య నుంచి పట్టాలు వేసుకుంటూ పోయిన నాటి నుంచి మన తెలుగువాళ్ళు ఆ పట్టాల వెంటే వచ్చారు. గ్యాంగుల్లో, లోకో షెడ్లో, యార్డులో చేరారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి బిలాస్‌పూర్ కేంద్రమైంది. నాలుగో తరం పిల్లలు ఇంట్లో తెలుగు, బజార్లో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ మాట్లాడుతున్నారు. ఈ ఊళ్ళో జ్వరం అంటే మలేరియా, కాకపోతే టైఫాయిడ్. తప్పేం లేదు, రెండూ ఇక్కడ ఉన్నవే. చిక్కల్లా మూడో జ్వరం ఎవరికీ గుర్తురాకపోవడం దగ్గరే.

ఒక రోగిని మీ ముందుంచుతాను. పేరూ విభాగమూ అక్కర్లేదు, ఇలాంటి మనిషి మీ వరసలోనూ ఉంటాడు. నలభై దాటినవాడు, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది, మైట్రల్ వాల్వు కొద్దిగా కారుతోందని ఎప్పుడో చెప్పారు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలకి బనీను తడిసిపోవడం, ఆకలి లేదు. మూలమీదున్న జోలాఛాప్ (డిగ్రీ లేని) డాక్టరు వైడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు, మోనోసెఫ్ ఇంజెక్షన్ అయిదు రోజులు పొడిచాడు. మూడో రోజుకే జ్వరం దిగిపోయింది. మనిషి డ్యూటీకి వెళ్ళాడు. మూడు వారాలకి మళ్ళీ జ్వరం, మళ్ళీ మోనోసెఫ్. ఇలా వేసవి గడిచి వానలొచ్చాయి. చివరికి ఆయన భార్య చేయి పట్టుకుని తీసుకొచ్చి, “ఈ టైఫాయిడ్ ఒగ్గట్లేదండీ డాక్టరుగారూ” అంది. ప్యాంటుకి బెల్టు కొత్తగా ఇంకో కన్నం పొడిపించుకున్నాడు. కింది రెప్ప లాగితే తెల్లగా పాలిపోయి ఉంది. ఎడమ చూపుడు వేలి గోరు కింద నిలువుగా సన్నని ఎర్రగీత. గుండె మీద స్టెతస్కోపు పెడితే పాత చప్పుడే కాస్త గట్టిగా. ఎకోలో వాల్వు అంచున ఒక ముద్ద, ప్రతి స్పందనకీ అటూ ఇటూ కొట్టుకుంటూ కనిపించింది.

ఇందులో అసలు విషాదం మందు తప్పు కాకపోవడం. మోనోసెఫ్ అంటే సెఫ్ట్రయాక్సోన్. నోటి స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే ఎండోకార్డైటిస్‌కి అది నిజంగానే మంచి మందు, రోజుకి రెండు గ్రాముల చొప్పున నాలుగు వారాలు ఇస్తాం. అయిదు రోజులిస్తే అది పైపైన క్రిములని చంపి జ్వరం దించుతుంది. రక్తంలో క్రిమి కనబడకుండా చేస్తుంది. లోపలున్నది లోపలే ఉంటుంది. తర్వాత పెద్దాసుపత్రిలో కల్చర్ చేస్తే సీసాలో ఏమీ పెరగదు. ఏ క్రిమో తెలియకుండా, ఏ మందుకి లొంగుతుందో తెలియకుండా, గుడ్డిగా వైద్యం చేయాల్సి వస్తుంది. మన దేశంలో ఎండోకార్డైటిస్ రోగుల్లో కల్చర్ శూన్యంగా వచ్చేవాళ్ళు ఎక్కువమంది ఉండడానికి పెద్ద కారణం ఇదే.

వాల్వు జబ్బున్న మనిషికి కారణం తెలియని జ్వరం వస్తే చేయాల్సింది చాలా మామూలు పని. యాంటీబయాటిక్ చుక్క పడకముందే మూడు వేర్వేరు చోట్ల నుంచి రక్తం తీయాలి. ప్రతిసారీ రెండు సీసాలు, సీసాకి ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్లు. చర్మం బాగా శుభ్రం చేసి తీయాలి, లేకపోతే చర్మం మీది క్రిమే సీసాలో పెరిగి దారి తప్పిస్తుంది. మనిషి మరీ విషమించి ఉంటే తప్ప ఈ పనికి పట్టే సమయం వల్ల ఏమీ మునిగిపోదు. నెలల తరబడి సాగిన జ్వరం ఇంకో గంట ఆగగలదు.

ఇప్పుడు తిరగబెట్టడం సంగతి. డాక్టర్లు దీన్ని రెండు రకాలుగా చూస్తారు. ఆరు నెలలలోపు అదే క్రిమి మళ్ళీ కనిపిస్తే, మొదటిది చావలేదని లెక్క: మందు చాలలేదు, రోజులు చాలలేదు, లేదా వాల్వు పక్కన చీముగడ్డ మిగిలిపోయింది. వేరే క్రిమి వచ్చినా, చాలాకాలం తర్వాత వచ్చినా, అది కొత్త దాడి. మొదటి రకం ఆసుపత్రి బాధ్యత, రెండోది ఎక్కువగా ఇంటి బాధ్యత. ఒకసారి వచ్చి బతికి బయటపడ్డ వందమందిలో ఇద్దరి నుంచి ఆరుగురికి మళ్ళీ వస్తుందని యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ 2015లో లెక్క చెప్పింది. తక్కువే కదా అనిపించొచ్చు. కానీ మామూలు జనంలో ఈ జబ్బే అరుదు. ఒకసారి వచ్చినవాడు, అందులోనూ కృత్రిమ వాల్వు ఉన్నవాడు, అందరికంటే ముందు వరసలో నిలబడి ఉంటాడు. కృత్రిమ వాల్వులున్న వెయ్యి మందిలో ఏడాదికి ముగ్గురి నుంచి పన్నెండు మందికి అది వస్తుంది. వాళ్ళలో మరణాలూ ఎక్కువే.

రైల్వే వాళ్ళకి వాల్వు ఆపరేషన్ అంటే పెరంబూరు పేరు గుర్తొస్తుంది. చెన్నైలోని ఆ రైల్వే ఆసుపత్రిలోనే 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ దేశంలో మొట్టమొదటి బైపాస్ సర్జరీ చేశారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో వలియత్తాన్ గారి బృందం తయారుచేసిన చిత్ర వాల్వు 1990 డిసెంబరులో మొదటిసారి మనిషి గుండెలో అమర్చారు. ధర అందుబాటులో ఉండడం వల్ల ఎంతోమంది పేదలకి అది ప్రాణం పోసింది. పిల్లల గుండె జబ్బులకి నయా రాయ్‌పూర్‌లో సత్యసాయి సంజీవని ఆసుపత్రి 2012 నుంచి డబ్బు తీసుకోకుండా ఆపరేషన్లు చేస్తోంది. మనకి పాతిక కిలోమీటర్ల లోపే, గనియారీలో, ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వచ్చిన డాక్టర్లు నెలకొల్పిన జన్ స్వాస్థ్య సహయోగ్ అడవి పల్లెల వాళ్ళని చూస్తోంది. కాబట్టి వాల్వు వేయించుకోవడం ఇప్పుడు అందనిదేం కాదు. వేయించుకున్నాక ఎలా బతకాలో చెప్పేవాళ్ళే తక్కువ. డిశ్చార్జి కాగితం మీద అది ఒక్క వాక్యంలో, అదీ ఇంగ్లీషులో ఉంటుంది.

నోటి దగ్గరికి వద్దాం. వాల్వుకి పట్టే క్రిముల్లో పెద్ద వాటా పళ్ళ చిగుళ్ళలో కాపురముండే స్ట్రెప్టోకాకస్‌లది. చిగురు వాచి ఉన్నవాడు అన్నం నమిలినా, పళ్ళు తోముకున్నా కొన్ని క్రిములు రక్తంలోకి జారతాయి. చిగుళ్ళు గట్టిగా ఉన్నవాడికి ఆ జారడం తక్కువ. మరి మన చిగుళ్ళ సంగతేమిటి? ఛత్తీస్‌గఢ్‌లో పొద్దున్నే గుడాఖు డబ్బీ తీసి, పొగాకూ బెల్లమూ కలిపిన ఆ నల్లటి ముద్దని వేలితో చిగుళ్ళకి రుద్దుకునే ఇళ్ళు కొల్లలు. తోముకున్నాం అనే వాళ్ళనుకుంటారు. రుద్దాక కాస్త తల తిరిగినట్టై హాయిగా ఉంటుంది, మరి పొగాకు కదా. మన ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ముసలమ్మలు కొందరు ఇప్పటికీ చుట్ట అడ్డపొగ తాగుతారు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిలి క్యాన్సరు గురించి వాళ్ళని హెచ్చరించే డాక్టర్లున్నారు. అదే నోటికీ గుండె వాల్వుకీ సంబంధముందని చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. మెటల్ వాల్వు వేయించుకున్నవాళ్ళకి ఇంకో చిక్కు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రామ్ వేసుకుంటారు. బ్రష్ చేస్తుంటే నురగలో ఎరుపు కనిపిస్తుంది. భయపడి బ్రష్ పక్కన పెట్టి నీళ్ళు పుక్కిలించి ఊరుకుంటారు. నెల తిరిగేసరికి పాచి పేరుకుని చిగుళ్ళు ఇంకా వాస్తాయి, రక్తం ఇంకా కారుతుంది. పన్ను పీకాలంటే దంతవైద్యుడూ ఎసిట్రామ్ పేరు వినగానే వెనక్కి తగ్గుతాడు. ఐ.ఎన్.ఆర్. పరీక్ష చూసుకుని, గుండె డాక్టరుతో ఒక మాట మాట్లాడి పీకొచ్చు. పుచ్చిన పన్ను అక్కడే ఉండిపోవడమే అసలు ప్రమాదం.

పన్ను పీకేముందు యాంటీబయాటిక్ వేసుకోవాలా అన్న దాని మీద ప్రపంచంలో చాలా పోట్లాట జరిగింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1955 నుంచి వేసుకోమంది. 2007లో ఆ సలహాని బాగా కుదించి, అత్యధిక ప్రమాదమున్న వాళ్ళకే అంది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2008లో అసలు వద్దంది, 2016లో “మామూలుగా” అన్న మాట చేర్చి కాస్త తలుపు తెరిచి ఉంచింది. ఈ వాదాలు మన దగ్గర వినిపించవు, వినిపించినా అవసరం కొద్దిదే. అమెరికన్ల జాబితాలో ముఖ్యంగా ఉన్నదెవరు? కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ళు, ఎండోకార్డైటిస్ ఒకసారి వచ్చినవాళ్ళు, కొన్ని రకాల పుట్టుకతో వచ్చిన గుండె లోపాలున్నవాళ్ళు. వీళ్ళకి పన్ను పీకడానికో చిగుళ్ళు శుభ్రం చేయడానికో అరగంట నుంచి గంట ముందు అమాక్సిసిలిన్ రెండు గ్రాములు, అంటే 500 మాత్రలు నాలుగు ఒకేసారి. పెన్సిలిన్ పడనివాళ్ళకి వేరే మందులున్నాయి. 2021 జాబితాలో డాక్సీసైక్లిన్‌కి కూడా చోటు దొరికింది. వైద్యంలో ఓడిపోయిన కుటుంబం నివారణలో అక్కరకొచ్చిందన్నమాట.

ఇక్కడే చాలామంది పొరపడే చోటొకటుంది, కాస్త ఆగుతాను. రుమాటిక్ గుండె జబ్బున్న పిల్లలకి మూడు వారాలకోసారి బెంజాథిన్ పెన్సిలిన్ సూది వేయిస్తాం. తల్లిదండ్రులు ఎంత కష్టమైనా వేయిస్తారు, ఆ సూది నొప్పి తెలిసినవాళ్ళకి అదెంత పెద్ద పనో తెలుసు. కానీ అది గొంతులో స్ట్రెప్టోకాకస్ మళ్ళీ చేరి రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా కాపు కాయడానికి. వాల్వుకి క్రిమి పట్టకుండా అది ఆపదు. “ఎలాగూ పెన్సిలిన్ మీద ఉన్నాడు కదా” అని అదే పిల్లవాడికి కృత్రిమ వాల్వు పెట్టాక కూడా మాత్ర లేకుండా పన్ను పీకేసే వాళ్ళున్నారు. పైగా అన్నాళ్ళూ పెన్సిలిన్ తింటున్న నోటి క్రిములు దానికి అలవాటుపడి ఉండొచ్చు, అందుకని అలాంటివాళ్ళకి వేరే జాతి మందు ఎంచుకోవాలి.

నోరు ఒక్కటే దారి అని మాత్రం అనుకోకండి. చర్మం మీది స్టెఫైలోకాకస్ ఇంకా దుర్మార్గమైంది, వారం రోజుల్లో వాల్వుని తినేయగలదు. చేతికి పెట్టిన సెలైన్ సూది నాలుగు రోజులు మార్చకుండా వదిలేయడం, డయాలిసిస్ గొట్టం, పగిలిన కురుపు ఇవన్నీ దానికి ద్వారాలే. జాతరలో సరదాగా వేయించుకునే పచ్చబొట్టూ అంతే. ఇక్కడి వాళ్ళ గోదనా అందం నేను కాదనను, వాల్వు ఉన్నవాళ్ళు మాత్రం చూసి సంతోషించాలి.

రైల్వే కాలనీకి ప్రత్యేకమైన భయం ఒకటుంది, అదే డీకాట్ భయం. గుండె జబ్బు బయటపడితే మెడికల్ కేటగిరీ దించుతారు, ఇంజిను దింపి ఆఫీసులో కూర్చోబెడతారు, రన్నింగ్ అలవెన్సు పోతుందని లోకో పైలట్లు అనుకుంటారు. ఆరు వారాలు సిక్కులో ఉండాలంటే మనసొప్పదు. జ్వరం తగ్గగానే ఫిట్ రాయించుకోవాలని తొందర. ఈ భయం మీద నాకు జాలే ఉంది. అయినా ఒక్క మాట చెప్పాలి. వాల్వు మీది ముద్దలోంచి ఒక తునక తెగి మెదడుకి పోతే పక్షవాతం వస్తుంది. అప్పుడు కేటగిరీ గురించి ఎవరూ అడగరు. పద్నాలుగో రోజున ఒళ్ళు తేలికై, జ్వరం లేక, ఆకలేసి, ఇంటికి పోతానని మంచం దిగే రోగి పరిస్థితీ అలాంటిదే. సగం కోర్సులో లేచిపోయినవాడే ఆరు నెలలలోపు తిరిగొస్తాడు. నలభై రెండో రోజు దాకా ఉన్నవాళ్ళకి కూడా మొదటి ఏడాది మీద కన్నుండాలి: ఒకటి, మూడు, ఆరు, పన్నెండు నెలలకి చూపించుకోవడం, ఎకో, రక్తపరీక్ష. ఏ క్రిమి వచ్చిందో, ఏ మందు ఎన్నాళ్ళు వాడారో తెలుగులోనో హిందీలోనో ఒక చీటీ మీద రాయించుకుని రైల్వే వైద్యానికిచ్చే ఉమీద్ కార్డుతో పాటు ఉంచుకోవాలి. వాల్టేరు రైలెక్కి అత్తారింటికి పోయినా ఆ చీటీ జేబులో ఉండాలి. అక్కడి డాక్టరుకి మీ చరిత్ర తెలియదు, జ్వరం ఒక్కటే తెలుసు.

మన సమాజం వాళ్ళు ఏటా మెడికల్ క్యాంపు పెడుతున్నారు. బి.పి. బల్ల, షుగరు బల్ల, కళ్ళద్దాల బల్ల ఉంటాయి. ఈసారి ఒక పళ్ళ డాక్టరు కుర్చీ కూడా వేయించండి, వాల్వు వాళ్ళని ముందుగా పిలిపించండి. వాళ్ళలో కుర్చీ ఎక్కి చిగుళ్ళు శుభ్రం చేయించుకునేవాళ్ళకి గంట ముందు మాత్రలు వేయించే పని ఎవరికైనా ఒకరికి అప్పజెప్పండి. ఆ హడావుడిలో ఎవరికైనా మాత్ర వేయడం మరిచిపోతే కంగారుపడక్కర్లేదు. పని అయిపోయాక రెండు గంటలలోపు వేసినా పనికొస్తుంది.